కళాయి పోయిన గుండిగ

"ఆ గుండిగను ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు ఘనపాఠి బాలగంగాధరంగారు. పొద్దుటి నుంచి ఆ మాట అనడం ఇది మూడోసారి.

ముట్టుకుందామని ఎవరికి మాత్రం ఉంది? పాతికమందికి వంట చేసే ఇత్తడి గుండిగ అది. ఆదివారం కొబ్బరితోటలో సమారాధన నుంచి తెచ్చి పెరటి మెట్టు పక్కన దింపినది దింపినట్టే ఉంది. అడుగున పులిహోర గుజ్జు ఎండిపోయింది. దాని చుట్టూ ఆకుపచ్చగా చిలుము లేచింది. మంగళవారం వచ్చినా దాన్ని కడగడానికి వీల్లేదని ఇంటి యజమాని ఆజ్ఞ.

ఆ రోజు ఆకులు ఎత్తకముందే వాంతులు మొదలయ్యాయి. పదకొండుమందికి. పదిమంది మజ్జిగ తాగి, ఒక పూట పడుకుని లేచి తిరిగారు. పదకొండో మనిషి ఆయన భార్య అచ్చయమ్మగారి అన్నగారు, ముక్తేశ్వరం శరభయ్యగారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఆయన ఇంకా అమలాపురం ఆస్పత్రి మంచం మీదే ఉన్నారు.

గేటు చప్పుడైంది. కొడుకు చలపతి సైకిలు గోడకి చేరవేసి వచ్చాడు. తెల్లవారుతూనే ఆస్పత్రికి వెళ్ళినవాడు, కాఫీ కూడా తాగినట్టు లేడు.

"ఎలా ఉన్నాడురా?" అచ్చయమ్మగారు వంటింటి గుమ్మంలోంచే అడిగారు. మడిచీరలో ఉన్నారు. గడప దాటలేదు.

"అలాగే ఉన్నాడమ్మా. సెలైన్ ఎక్కిస్తున్నారు. నిన్నటినించీ మూత్రం రాలేదుట. డాక్టరుగారికి అదే బెంగగా ఉంది."

"నన్నడిగేడా?"

చలపతి చెప్పులు విడిచాడు.

"అడిగేడు. అచ్చమ్మ తిందా, దానికెలా ఉంది అన్నాడు."

అచ్చయమ్మగారు ఆ రోజు తినలేదు. వడ్డనలు పూర్తయ్యేదాకా తినే మనిషి కాదావిడ. ఆవిడ విస్తరి వేసుకునేలోగానే గొడవ మొదలయింది.

"ఇంకోటి నాన్నగారూ. ఏ గిన్నెలో వండేరో ఆ గిన్నె పట్టుకురమ్మన్నారు డాక్టరుగారు. చూస్తేగానీ ఏ విషమో చెప్పలేనన్నారు. మధ్యాహ్నంలోపు కావాలన్నారు."

"చూడ్డానికేవుంది? సీసం" అన్నారు బాలగంగాధరంగారు. ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. శిష్యులకి వేదం చెప్పే గొంతు అది, ఇంటిల్లిపాదికీ దాని హెచ్చుతగ్గులు తెలుసు. "తగరంలో సీసం కలిపి కళాయి వేసేడు ఆ సాలమోను. మునసబుగారికి కబురంపేను. వస్తున్నారు. వాణ్ణీ తీసుకొస్తున్నారు. ముందు ఆ కాగితం పూర్తవనీ. తరవాత గుండిగ పట్టుకెళ్దువుగాని."

వసారాలో కత్తిపీట ముందు కూర్చుని అరటికాయలు తరుగుతున్న కోడలు పార్వతి చెయ్యి ఆగింది.

సీసం కాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. చలపతికీ తెలుసు. ఆదివారం సాయంత్రమే భర్తతో అంతా చెప్పింది. "ఇప్పుడా మాట ఎత్తకు. అమ్మ అసలే కుమిలిపోతోంది" అన్నాడతను. ఎత్తలేదు. కె.గంగవరం నుంచి ఈ ఇంటికి కాపరానికి వచ్చి రెండేళ్ళయింది. ఏ మాట ఎప్పుడు ఎత్తకూడదో నేర్చుకోవడంతోనే ఆ రెండేళ్ళూ సరిపోయాయి.

భర్త వైపు చూసింది. అతను కాళ్ళు కడుక్కోడానికి నూతి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మునసబు వీరవెంకటరమణగారు పెరటి దారినే వచ్చారు. చంకలో కాగితాల సంచి, జేబులో పెన్ను. కుర్చీ వేస్తే కూర్చున్నారు. ఆయన వెనకే సాలమోను వచ్చాడు. ఏటా కార్తీకంలో ఊళ్ళోకి వచ్చి, వీధి చివర కొలిమి తిత్తి పాతి, ఇంటింటి ఇత్తడి సామానుకీ లోపల తగరం పూసి కళాయి వేసేది అతనే. వేళ్ళు బొగ్గుతో నల్లబడి ఉంటాయి.

"సాలమోనూ, ఇలా రా. అక్కడే ఆగు" అన్నారు బాలగంగాధరంగారు.

రమ్మన్నదీ ఆగమన్నదీ ఒక్క ఊపిరిలోనే. ఆ రెండింటికీ మధ్య ఎక్కడ నిలబడాలో సాలమోనుకి పదిహేనేళ్ళుగా తెలుసు. కొబ్బరిమొక్క పక్కన ఆగి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రాసేద్దామాండి గురువుగారూ" అన్నారు మునసబుగారు కాగితం తొడ మీద పరుచుకుని. "ఆస్పత్రినించి స్టేషనుకి కబురెళ్ళిపోయిందండి. పదకొండుమంది కదండీ మరి. ఎవరి వల్ల జరిగిందో పేరుతో సహా రాసి పంపమన్నారు. ఊరికే వదిలెయ్యడానికి లేదు."

"రాయండి. కళాయి వేసే సాలమోను తగరంలో సీసం కలిపి..."

"నేను కలపలేదండి అయ్యగారండీ" అన్నాడు సాలమోను.

"నీ మాట ఎవరూ అడగలేదు."

"అడగలేదండి. ఆయ్. కానీ స్టేషన్లో రాసేస్తే ఇంక ఏ ఊళ్ళోనూ నన్ను గిన్నె ముట్టుకోనివ్వరండి. ఈ పని తప్ప ఇంకో పని రాదండి నాకు. గుండిగ ఒక్కసారి చూడనివ్వండి. ముట్టుకోన్లెండి. చూస్తాను."

మునసబుగారు ఘనపాఠిగారి మొహం చూశారు. ఆయన తల ఊపీ ఊపనట్టు ఊపారు.

సాలమోను నాలుగడుగులు ముందుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి గుండిగలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. అతను లేచేసరికి మొహంలో భయం తగ్గి ఇంకేదో వచ్చింది. చేసిన పనిని ఎవరో పాడుచేస్తే పనివాడికి వచ్చే కోపం అది.

"సీసం కలిస్తే పూత నల్లబడిపోద్దండి. ఇక్కడ నలుపు లేదు. పసుపుంది. లోపలి ఇత్తడి పైకొచ్చేసింది. చింతపండు గుజ్జు ఇత్తడికి తగిల్తే చిలుమెక్కదాండీ మరి? రాత్రల్లా అందులోనే ఉంచేసినట్టున్నారు కూడానూ."

"అంటే నీ పూత నాలుగు రోజులు కూడా నిలవలేదనేగా నువ్వు చెప్పేది?"

"నిలవకపోతే పెచ్చులుగా లేస్తదండి. ఇది లేవలేదు, అరిగిపోయింది. గీతలు చూడండి, గుండ్రంగా తిరిగున్నాయి. ఇటుకపొడేసి కొబ్బరిపీచుతో తోమితే పడే గీతలండియ్యి. కొత్త కళాయి మీద ఎవరో బలంగా తోమేసేరండి. ఒక్కసారి కాదు."

"మా ఇంట్లో మడిగిన్నెలు ఎలా తోముకోవాలో నీ దగ్గర నేర్చుకోవాలా?"

సాలమోను తల దించుకున్నాడు. కానీ ఊరుకోలేదు.

"అదే తగరం కడ్డీతో, అదే లక్ష్మివారం పక్కింటి కామాక్షమ్మగారి తపేలాకీ వేసేనండి. అది తెప్పించి చూడండి."

కామాక్షమ్మగారిని పిలవాల్సిన పనిలేకపోయింది. ఆవిడ గోడకి అవతల మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. అరగంట నుంచీ ఒకే మొక్కకి పోస్తున్నారు. తన పేరు వినపడగానే చెంబు అక్కడ పడేసి, క్షణంలో తపేలాతో గోడ మీదికి తేలారు.

"ఇదిగో చూసుకోండి నాయనా. నిన్నటి చారు కూడా ఇందులోనే పెట్టేను. మొహం చూసుకోవచ్చు."

తపేలా లోపల తెల్లగా మెరుస్తోంది. ఎండ పడి మునసబుగారు కళ్ళు చిట్లించుకోవాల్సి వచ్చింది.

"ఏం పెట్టి తోమేరండి దీన్ని?"

"తోమడమేవిటండీ కళాయి వేసినదాన్ని! ముమ్మారు నీళ్ళతో కడిగి, పసుపునీళ్ళు చల్లుకుని లోపల పెట్టుకున్నాను. తోమేస్తే ఆ నిగనిగ పోదూ? మళ్ళీ ఏడాదిదాకా సాలమోను రాడాయె."

మునసబుగారు రాస్తున్నది ఆపి, పెన్ను కాగితం మీద అడ్డంగా పెట్టారు.

"మరి ఈ గుండిగ ఎవరు తోమేరండీ?"

బాలగంగాధరంగారికి ఆ ప్రశ్న అప్పటిదాకా తోచలేదు. వండినవి తినడమే గాని గిన్నెలు ఎలా శుభ్రపడతాయో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. గుమ్మం వైపు తిరిగారు.

"ఏవే?"

లోపల గిన్నె చప్పుడైంది.

"నిన్నే. ఎవరు తోమేరు?"

"ఎవరేవిటి?" అన్నారు అచ్చయమ్మగారు. "కోడలు. అంట్లు తోమేది కోడలు కాక నేనా?"

కత్తిపీట మీద అరటికాయ రెండు ముక్కలై కింద పడింది. పార్వతి దాన్ని తియ్యలేదు. తలెత్తి చలపతినే చూసింది. అతను నూతి గట్టు దగ్గర తడికాళ్ళతో నిలబడి ఉన్నాడు. చొక్కా చేతి గుండీ పెట్టుకుంటున్నాడు. అది ఎంతకీ కాజాలో పడటంలేదు.

మాట్లాడు, అనుకుంది పార్వతి. నీకు తెలుసు కదా. ఒక్క మాట అను.

అతను గుండీ వైపే తల దించుకున్నాడు.

"పరవాలేదమ్మా" అన్నారు మునసబుగారు గుమ్మం వైపు చూసి. మంచి మనిషే, గొంతు కూడా మెత్తగానే ఉంది. "ఈ కాలం పిల్లలకి కళాయి సంగతులేం తెలుస్తాయండీ. కోడలుగారు తెలియక తోమేరు, అని ఒక్క ముక్క రాసేస్తే సరిపోద్ది. సాలమోను మీదా ఏం ఉండదు, పోలీసులూ ఏం అనరు. ఆడపిల్ల, తెలియక చేసింది కదా అంటారు."

ఒక్క ముక్క. దాంతో అందరూ ఒడ్డున పడతారు. సాలమోను గట్టిగా గాలి పీల్చుకోవడం ఆమెకి వినపడింది. అతన్ని తప్పు పట్టాలని కూడా అనిపించలేదు.

"చలపతీ" అన్నారు బాలగంగాధరంగారు. ఆయన గొంతు ఇంకా తగ్గిపోయింది. "కె.గంగవరం కబురు పెట్టు. మీ మావగారొచ్చి అమ్మాయిని తీసుకెళ్తారు. శరభయ్య లేచి తిరిగితే అప్పుడు చూద్దాం. తిరక్కపోతే..."

ఆ మాట ఆయన పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. శరభయ్యగారు తిరిగి రాకపోతే పార్వతి కూడా ఈ ఇంటికి తిరిగి రాదు. ఎక్కడున్నా, ఎన్నాళ్ళు బతికినా, మేనమామగారికి విషం పెట్టిన కోడలు అనే అంటారు.

పార్వతికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. అత్తగారి మీద కన్నా, గుండీ పెట్టుకోవడం రాని ఆ మనిషి మీద ఎక్కువ మండింది. చేతులు చీరకి తుడుచుకుని లేచి నిలబడింది.

"మామయ్యగారూ, ఒక్క మాట అడగొచ్చాండీ?"

ఆయన ఉలిక్కిపడ్డారు. కోడలు ఆయన్ని నేరుగా పలకరించడం ఎప్పుడో గాని జరగదు.

"సాలమోను గుండిగ తెచ్చింది లక్ష్మివారం పొద్దున్న. అందులో గుజ్జు ఉడికించింది శనివారం సాయంత్రం. లక్ష్మివారం తెల్లవారినప్పటినించీ ఆదివారం తలస్నానం చేసేదాకా నేనెక్కడున్నానో అత్తయ్యగార్నే చెప్పమనండి."

అందరికీ అర్థమయింది. మునసబుగారు పెన్నులో సిరా ఉందో లేదో చూసుకోవడంలో పడిపోయారు. సాలమోను తలగుడ్డ వైపు చూసుకున్నాడు.

"అయ్యో, నిజమేనే!" గోడ మీదనుంచి కామాక్షమ్మగారు. "ఆ పొద్దున్న నేనే అడిగేను కదూ, ఏవే పార్వతీ, బయట చేరేవా అని! నూతి పక్క గదిలో కూర్చునుంది నాయనా మూడు రోజులూ."

"కామాక్షమ్మగారూ, మీరు మొక్కలకి నీళ్ళు పోసుకోండి" అన్నారు బాలగంగాధరంగారు.

ఆవిడ కిందికి దిగలేదు.

ఘనపాఠిగారు భార్య వైపు తిరిగారు. ఇప్పుడాయన మొహంలో సీసం లేదు, సాలమోను లేడు. అంతకన్నా పెద్ద భయం ఉంది. ఆ గుండిగలో కలిపిన పులిహోర ముందు దేవుడికి నైవేద్యం పెట్టారు. తరవాత నలుగురు వేదపండితులకి వడ్డించారు.

"బయట ఉన్న పిల్ల చేతికి మడిగుండిగ ఇచ్చేవా?"

"నేనా?"

"కోడలు తోమిందన్నావు ఇప్పుడే. ఆ మూడు రోజుల్లోనే తోమి ఉండాలి. అంటే..."

"నా మడి అంత తేలికనుకున్నారా?" అచ్చయమ్మగారి గొంతు ఒక్కసారిగా లేచింది. అన్నగారు ఆస్పత్రిలో ఉన్న దుఃఖం కూడా ఇంత గట్టిగా పలకలేదు. "యాభై ఏళ్ళనించి మడికట్టుకుంటున్నాను. దాని నీడ కూడా పడనివ్వలేదు ఆ గుండిగ మీద! సాలమోను చెయ్యీ, వాడి గుడ్డా పడ్డ గిన్నె అని నేనే తోమేను. చింతపండూ ఇటుకపొడీ వేసి, లక్ష్మివారం తోమేను, శుక్రవారం తోమేను, శనివారం కూడా తోమేను. చేతికి జిడ్డు తగలకుండా గరుగ్గా వచ్చేదాకా తోమితేగానీ..."

అక్కడ ఆగిపోయారావిడ.

చేతికి తగిలిన ఆ జిడ్డే కళాయి. ఆ సంగతి అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలిసిపోయింది. కోడలి మీద వేసిన నింద ఇలా తిరగబడుతుందని ఆవిడ అనుకోలేదు. నింద నిలబెట్టుకుంటే మడి పోతుంది. మడి కాపాడుకుంటే నింద పోతుంది. ఆవిడ రెండోదే ఎంచుకున్నారు, ఆలోచించకుండానే.

కానీ ఓడిపోవడం అలవాటు లేని మనిషి.

"నేను తోమేను సరే. ఇది ఆ గదిలో కూర్చుని చూస్తూనే ఉందిగా? ఒక్క మాట చెప్పిందేవో అడగండి. చూస్తూ ఊరుకుంది!"

"చెప్పేనండి" అంది పార్వతి. "శుక్రవారం చెప్పేను. అత్తయ్యగారూ, తెలుపు పోతోంది, లోపల పచ్చగా కనపడుతోందండి అన్నాను. మడిగిన్నె మీద నీ మాటా చూపూ పడకూడదు, అటు తిరిగి కూర్చో అన్నారు మీరు."

"పచ్చగానా? ఎక్కడ? నన్ను ఆపాలని అన్న మాట అది. నా పనికి అడ్డుపడాలని!"

"నేనెందుకు అడ్డుపడతానండీ?"

"ఎందుకంటావా? తెల్లగా ఉన్నదాన్ని పచ్చగా ఉందంటే ఏవనుకోవాలే మరి?" అచ్చయమ్మగారు గడప దాటారు. మెట్టు దగ్గరికి వచ్చి, వంగి, రెండు చేతులతో గుండిగ మూతి పట్టుకుని ఎండలోకి తిప్పారు. "ఇప్పటికీ తెల్లగానే ఉంది కదుటే! ఏవండీ, మునసబుగారూ, మీరే చూసి చెప్పండి. ఇది పచ్చగా ఉందా?"

అంటూ గుండిగ లోపల అరచెయ్యి ఆనించారు. ఆ చేతి కింద ఇత్తడి పసుపుగా మెరుస్తోంది. వేళ్ళ సందుల్లోంచి చిలుము ఆకుపచ్చగా కనిపిస్తోంది.



"చెప్పరేం? తెల్లగా లేదూ?"

మునసబుగారు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. కామాక్షమ్మగారు తపేలా గోడ మీద పెట్టేసి ముందుకి వంగారు.

పార్వతి అత్తగారి కళ్ళలోకి చూసింది. రెండేళ్ళలో అంత దగ్గరగా, అంతసేపు ఎప్పుడూ చూడలేదు. నల్లగుడ్ల మీద పలచగా పొర కమ్మి ఉంది. ఈమధ్య అన్నంలో రాళ్ళు తగిలితే బియ్యం మంచివి కావన్నారావిడ. చారులో ఉప్పు రెండుసార్లు పడితే ఎవరో మాట్లాడించారన్నారు. శుక్రవారం తన మాట విని కూడా పంతానికి తోముతున్నారని నాలుగు రోజులుగా కోపంతో రగిలిపోయింది పార్వతి. ఆవిడ నిజంగా తెలుపే ఉందనుకున్నారు. ఆ కోపం ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏవే" అన్నారు బాలగంగాధరంగారు. అంత మెత్తగా ఆయన పిలవడం చలపతి కూడా ఎరగడు. "నీకు కనపడటం లేదా?"

అచ్చయమ్మగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఎన్నాళ్ళనించి?"

"పోయిన కార్తీకంనించి."

"చెప్పలేదేం మరి?"

"చెప్తే వంటింట్లోకి రానిస్తారా?" అన్నారావిడ. "కళ్ళు కనపడనిదాని మడేవిటంటారు. పొయ్యి దగ్గరనించి లేపేస్తారు. మా అన్నయ్య నా చేతి వంట తప్ప తినడు. ఆ రోజు కూడా..."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ రోజు కూడా గుజ్జు ఘాటుగా ఉంటే వాడికిష్టమని, అడుగున మిగిలింది గీరి వాడి విస్తట్లోనే వేసేను."

చలపతి రెండడుగులు వేసి ఆగిపోయాడు. తల్లి దగ్గరికి వెళ్ళాలో, భార్య దగ్గరికి వెళ్ళాలో అతనికి తెలియలేదు. రెంటికీ ఆలస్యమైపోయిందని మాత్రం తెలిసింది.

మునసబుగారు నెమ్మదిగా కూర్చుని, కాగితం సవరించుకున్నారు. రాసినదాంట్లో సాలమోను పేరు మీద ఇంకా గీత కొట్టలేదు.

"గురువుగారూ, నాకూ కష్టంగానే ఉందండి. కానీ పేరు లేకుండా పంపితే మళ్ళీ రేపు వాళ్ళే వస్తారు. మీరు చెప్పిందే రాస్తాను. ఎవరి పేరు రాయమంటారు?"

బాలగంగాధరంగారు ఉత్తరీయం సవరించుకున్నారు. భార్య పేరు ఆయన నోట పలికి ఎన్నేళ్ళయిందో. పెళ్ళి పీటల మీద పలికించి ఉంటారు, అంతే. అది కాక, ఆ పేరు ఇప్పుడు చెప్పడమంటే పోలీసు కాగితంలోకి ఎక్కించడం. అన్నగారికి ఏదైనా జరిగితే ఆ కాగితమే మిగులుతుంది.

ఆయన చూపు ఒక్క క్షణం పెరటి చివరకి వెళ్ళింది. సాలమోను ఉన్న చోటుకి. కాగితం మీద ఉన్న పేరు అలాగే ఉండనిస్తే చాలు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

సాలమోను ఆ చూపు చూశాడు.

"అయ్యగారండీ" అన్నాడు.

పార్వతి కూడా చూసింది. మామగారి పెదవులు కదిలితే అడ్డుపడాలని ముందుకు వచ్చింది. ఏమంటుందో తనకే తెలియదు. అనకుండా మాత్రం ఉండలేననుకుంది.

ఈలోగా అచ్చయమ్మగారే మాట్లాడారు.

"అచ్చయమ్మ అని రాసుకో నాయనా. మూడు రోజులు ఇటుకపొడేసి తోమిందని రాయి. కళ్ళు కనపడవని కూడా రాయి. వాణ్ణి పంపించెయ్యి, తిత్తి దగ్గర పనుంటుంది వాడికి."

మునసబుగారి పెన్ను కదిలింది. బాలగంగాధరంగారు మెట్టు మీద కూలబడ్డారు.

"గుండిగ నేనే పట్టుకెళ్తాను ఆస్పత్రికి" అన్నారావిడ. "ఎన్నిసార్లు తోమేనో, ఎంతసేపు గుజ్జు అందులో ఉందో డాక్టరుగారికి నేను చెప్పాలి. మా అన్నయ్యకీ నేనే చెప్పాలి."

వెనక్కి తిరిగి ఒక అడుగు వేశారు. వంటింట్లో గుడ్డిగా తిరిగేసే మనిషికి పెరటి ఎండలో దారి తెలియలేదు. మెట్టు అంచు కాలికి తగిలి తూలారు.

"నేను పట్టుకుంటానమ్మా" అన్నాడు చలపతి.

"నువ్వు కాదు."

ఆవిడ చెయ్యి చాచారు. మడిలో ఉండగా ఆ చెయ్యి ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా కోడలికి తగల్లేదు.

"అమ్మాయ్. ఇలా వచ్చి పట్టుకో. మెట్టు కనపడ్డంలేదు నాకు."

ఆ చెయ్యి పార్వతి ఉన్న వైపు లేదు. వసారా స్తంభం వైపు చాచి ఉంది. ముడతలు పడ్డ వేళ్ళు గాలిలో వెతుకుతున్నాయి.

అందరూ పార్వతి వైపే చూస్తున్నారు. మూడంగల దూరం. వెళ్ళి పట్టుకుంటే, కోడలే తోమిందని ఇందాక అత్తగారు అన్న మాట తను మరిచిపోయినట్టే అవుతుంది. రేపటినుంచి ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అన్నట్టు కూడా ఉండదు.

పార్వతి కదల్లేదు.